కారణం రాయండి

స్టాక్‌పోర్ట్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసు మూతపడితే
వేలంలో నలభై పౌండ్లకి తెచ్చాడు సుగుణాకర్.
పెట్టె మామూలుదే, లోపల వేసి ఉన్నది మాత్రం సర్వర్.
"వందమంది ఒక్కసారి వచ్చి పడ్డా తట్టుకుంటుంది"
అన్నాడు తల తుడుచుకుంటూ.
మా ఇంటికి నెలకొకరొస్తే ఎక్కువ,
ఆ ఒక్కరూ మీటరు చూసే మనిషి.

మేడమీద చిన్నగదిలో
ఇస్త్రీ బల్లకీ గోడకీ మధ్య చోటిచ్చాం.
పెళ్ళిళ్ళకి వండే మనిషిని పిలిచి
ఇద్దరికి ఉప్మా చెయ్యమన్నట్టుంది.

మొదటి వారం నోరు విప్పలేదు.
స్పీకర్లు మార్చాం, వైర్లు మార్చాం.
సర్వర్‌కి పాటలెందుకని
శబ్దాన్ని ముందే ఆపి పంపారని తర్వాత తెలిసింది.
వైఫై అంటే, ఆ విద్య విడిగా నేర్పాలంది.
ఏ పేజీ తెరిచినా కొత్త వాచ్‌మన్‌లా అడ్డమొచ్చి
"దీన్ని నమ్ముతారా?" అంటుంది.
అడిగింది వాతావరణం పేజీ గురించి.
మాంచెస్టర్ పక్కనుండి
వాతావరణాన్ని ఎవరు నమ్ముతారు?

మేధ ఆట వెయ్యబోతే
ఈ సిస్టమ్‌కి కుదరదని తిప్పి పంపింది.
"ఇది మా హెడ్‌మాస్టర్ లాంటిది" అని
పదకొండేళ్ళది మూతి ముడుచుకుని పోయింది.

ఇంకో సంగతి చెప్పాడు సుగుణాకర్:
తెరమీద కనిపించే పనికన్నా
వెనకాల కనిపించని పనికే
ఇది మొదటి వాటా పెడుతుందట.
"మార్చెయ్యనా?" అన్నాడు.
పిండి ఇంకా గోళ్ళలోనే ఉంది నాకు, బేకరీ నుంచి వచ్చి.
ఉండనీ, అన్నాను.

అన్నిటికన్నా వింత, ఆపేటప్పుడు.
ఆగమంటే ఆగదు.
చిన్న కిటికీ తెరిచి
ఎందుకు ఆపుతున్నారు, కారణం రాయండి, అంటుంది.
ముందే అనుకున్నదా, అనుకోనిదా
అది కూడా చెప్పాలి.
గడిలో ఏదో ఒకటి పడేదాకా బొత్తం వెలగదు.

సుగుణాకర్ చుక్క పెడతాడు. ఒక్క చుక్క.
మేధ చేతికొచ్చిన అక్షరాలు కొడుతుంది.
నేను మాత్రం
అడిగేవాళ్ళు లేనిచోట ఇదొకటి అడుగుతోంది కదా అని
నిజమే రాసేదాన్ని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
*రేపు నాలుగున్నరకి షిఫ్టు.*
*కళ్ళు మంట.*
*మీటరు చూశాను, భయమేసింది.*
*పని ఉంది, మనసు లేదు.*
*కారణం లేదు. ఉండాలా?*

నవంబర్‌లో ఒక సాయంత్రం వీధంతా కరెంటు పోయింది.
ఎదురింటి డెరెక్ టార్చి పట్టుకుని
అందరి ఫ్యూజులూ చూసి పెట్టాడు.
వెలుగు రాగానే పెట్టె అడిగింది,
చెప్పకుండా ఎందుకు ఆగాల్సి వచ్చిందని.
ఏ టైముకి ఆగిందో చూద్దామని
చిట్టా తెరిచాను.

పేర్లతో సహా ఉన్నాయి అన్నీ.
నా వాగుడు. మేధ గీతలు.
మూడేళ్ళ సుగుణాకర్:
చుక్క, చుక్క, చుక్క,
తడారని వాకిట్లో ముగ్గుకి పెట్టి
కలపడం మర్చిపోయినట్టు.
మొన్న మంగళవారం, రాత్రి పదకొండు పది.
అనుకోనిది, అని టిక్కు.
గడిలో చుక్క లేదు.
*ఇంట్లో ఇంకా చెప్పలేదు.*

కింద వంటింట్లో
రేపటి డ్యూటీకి టిఫిన్ డబ్బా కడుగుతున్నాడు,
పార్సిల్ డిపో జాకెట్ వేసుకునే.

నాలుగు రోజులకి కాగితం చూపించాడు.
రెండు పేరాలు, ఒక సంతకం.
కారణానికి అందులో గడే లేదు.

అదంతా తర్వాత.
ఆ రాత్రి నేను దిగి వెళ్ళి
డబ్బా అందుకుని తుడిచి పెట్టాను, అంతే.
పడుకునే ముందు "ఆపావా?" అన్నాడు.
లేదన్నాను.
"బిల్లు?" అన్నాడు.
సర్వర్ కదా, ఆగకుండా ఉండటానికే చేశారు, అన్నాను.

గోడవతల ఫ్యాను తిరుగుతూనే ఉంది.
ఇద్దరం వింటున్నాం.